బావిలో నేర్చిన ఊపిరి

మేడ మీద ఆరేసిన డైవింగ్ సూటు నుంచి తడి రబ్బరు వాసన వచ్చినప్పుడల్లా నర్సింహ సార్ పక్కనే నిలబడ్డట్టు ఉంటుంది నాకు. తిరుమలగిరి దగ్గర గొర్లు కాసే ఇంట్లో పుట్టి, నేవీలో డైవరుగా పనిచేసి, రిటైరయ్యాక నల్గొండలో స్థిరపడ్డ మనిషి ఆయన. ఎవరైనా చెరువులోనో కాలువలోనో మునిగిపోతే జనం ముందు ఆయన ఇంటికే పరుగెత్తేవారు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా అన్న కాలువలో కొట్టుకుపోయినప్పుడు మేమూ అలాగే పరుగెత్తాం. సార్ వెతికి తెచ్చేదాకా అమ్మ గట్టు మీదే కూర్చుంది, మెతుకు ముట్టలేదు. ఇంకే తల్లీ అలా కూర్చోకూడదనిపించి, కొన్నాళ్లకు నేను ఆయన నడిపే గజ ఈతగాళ్ల జట్టులో చేరతానని వెళ్లాను. ఆడపిల్లకు శవాల పనేమిటని చుట్టాలంతా నోరు చేసుకున్నారు. మొండితనంలో నేను మా అమ్మ కూతుర్నే.

సార్ ఒక్కటే అడిగారు. "ఈతొస్తదా?"

వస్తుందన్నాను. ఆలేరు అవతల మా పొలం బావిలో అన్నే నేర్పాడు. బావి అడుక్కి మునిగి గుప్పెడు బురద తెచ్చి చూపించడం మా పిల్లల పందెం. ఊపిరి ఎంతసేపు బిగబడితే అంత మొనగాళ్లం. ఆ పందెంలో అన్నను కూడా ఓడించేదాన్నని కాస్త గొప్పగానే చెప్పాను. ఆయన నవ్వలేదు.

"బాయిల నేర్చిన ఈత పనికొస్తది బిడ్డా. బాయిల నేర్చిన ఊపిరి పనికిరాదు. సిలిండర్ పెట్టుకున్నంక ఊపిరి ఆపుడే లేదు. బిగవట్టి పైకొస్తే లోపటి గాలి ఉబ్బి తిత్తులు పలుగుతయి."

నల్గొండ ఈతకొలనులో నాకు అంతా వచ్చేసిందనుకున్నాను. చలికాలంలో సార్ సముద్రానికి తీసుకెళ్లారు. ఒడ్డుకు కొంచెం దూరంలో ఎప్పుడో మునిగిపోయిన చిన్న సరుకుల పడవ ఉంది. లోతు తక్కువ, కొత్తగా నేర్చుకునేవాళ్లకు అనువైన చోటు. అక్కడ నిబ్బరంగా ఉంటేనే జట్టులోకి తీసుకుంటానని ముందే చెప్పారు.

నీళ్లు నేను అనుకున్నదానికంటే చల్లగా ఉన్నాయి. ఆకుపచ్చటి మసకలో పడవ పక్కకు ఒరిగి కనిపించింది. నాచు పట్టిన తలుపు సగం తెరిచి ఉంది, లోపలంతా చీకటి. అన్న కూడా ఇలాంటి చీకట్లోనే ఉండి ఉంటాడనిపించింది. నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. ఒళ్లు తేలికై పైకి లేవసాగింది. సార్ నా కాలు పట్టి ఆపి, పొట్ట మీద గట్టిగా గుద్దారు. బుడగలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. ఆయన నా కళ్లలోకి చూస్తూ, తానూ ఊపిరి వదిలి చూపిస్తూ, మెల్లగా పైకి తెచ్చారు.

మేం వచ్చిన పడవ ఎక్కాక వణుకుతూ అడిగాను. "నన్ను ఇంటికి పంపుతరా సార్?"

ఆయన నా భుజాల మీద దుప్పటి కప్పారు. "తలుపు సూసినంక మీ అన్న యాదికొచ్చిండా?"

అవునన్నట్టు తల ఊపాను.

"గప్పుడే వాన్ని తెచ్చి మీ అమ్మకు అప్పజెప్పిన. వాడింక నీళ్లల్ల లేడు. నువ్వే ఇంకా ఆడ ఉన్నవు. సచ్చినోళ్లను తెచ్చేటందుకు పోయేటోళ్లు ఆళ్లతోని ఆగిపోవద్దు బిడ్డా. ఊపిరి ఇడువు. ఏడుపొస్తే ఏడువు."

అన్న పోయాక నేను ఏడవలేదని ఆయనకు ఎలా తెలిసిందో. ఆ పడవలో వెక్కి వెక్కి ఏడ్చాను. మర్నాడు మళ్లీ దిగాం. ఆ తలుపు ఎదుట కావాలనే ఆగాను, ఊపిరి ఆడుతూనే ఉంది. పైకొచ్చాక సార్ మెచ్చుకోలేదు, జట్టులో అందరిలాగే నా సూటు నన్నే కడుక్కోమన్నారు. జట్టులో చేరినట్టేనని అప్పుడర్థమైంది.

నిరుడు సార్ గుండెపోటుతో పోయారు. కబురు వచ్చేసరికి నేను ఒక చెరువు గట్టు మీద దిగడానికి సిద్ధమవుతున్నాను. కాలేజీ పిల్లాడు మునిగిపోయాడు, వాళ్లమ్మ గట్టు మీద ఉంది. సాయంత్రానికే సొంతూళ్లో మట్టి చేస్తారని, జట్టువాళ్లు నన్ను తిరుమలగిరి వెళ్లమన్నారు. ఆ తల్లిని చూశాక కాళ్లు రాలేదు. మాస్కు లోపల ఏడుస్తూనే దిగాను, ఊపిరి మాత్రం ఆపలేదు. పిల్లాడు దొరికేసరికి పొద్దు వాలింది. నేను ఊరు చేరేసరికి సార్‌ను మట్టిలో పెట్టేశారు. ఆ బాధ నన్ను విడవలేదు, విడవాలని నాకూ లేదు. సార్ ఆఖరి చూపు నాకు దక్కలేదు. ఆ తల్లికి కొడుకు ఆఖరి చూపు దక్కింది.