జవాబులో చివరి రెండు ముక్కలు

ఆ రోజుల్లో నటులెవరికీ నాటకం మొత్తం ఇచ్చేవాళ్ళు కాదు. ఎవరి మాటలు వాళ్ళకే, చేత్తో రాసిన కాగితాల మీద వచ్చేవి. అవతలివాళ్ళ డైలాగులో చివరి రెండు ముక్కలు మాత్రం పైన రాసి ఉండేవి, అవి వినబడగానే మనం అందుకోవాలి. కోటగిరిలో ఉండే మా రచయిత నా కాగితాలు చుట్టచుట్టి, కండక్టరు చేతికిచ్చి బాన్సువాడ బస్సులో పంపేవాడు. ఆ చుట్ట మధ్యలో నాకొక ఉత్తరం ఉండేది. నకలు రాసుకుని కాగితాలు తిప్పి పంపేటప్పుడు నేనూ ఒకటి పెట్టేదాన్ని.

డెబ్బైల్లో నాలుగేళ్ళు అలా గడిచాయి. ఆయన కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కున్నవాళ్ళ కొడుకు. నేను బట్టలు కుట్టుకుంటూ నాటకాలు వేసేదాన్ని. నలుగురిలో 'సారు', 'మీరు'. ఉత్తరాల్లో 'నువ్వు'. చివరికి ఓపిక నశించి అడిగేశాను: నన్ను చేసుకుంటావా, అవునో కాదో రాయి. జవాబు రాలేదు. నాటకం కాగితాలు మాత్రం వస్తూనే ఉన్నాయి, మధ్యలో ఏమీ లేకుండా. సిగ్గు చంపుకుని రెండోసారి అడగడం నా వల్ల కాలేదు. పెళ్ళి ఆయనా చేసుకోలేదు, నేనూ చేసుకోలేదు.

ఎనభైల్లో ఒకనాడు ఒక చుట్ట వచ్చింది. విప్పితే అన్నీ నా ఉత్తరాలే, డైలాగులుగా. స్టేజీ మీద రెండు కుర్చీలు, మేమిద్దరం ఉత్తరాలు చదువుకోవడం, అదీ నాటకం. నన్నొక మాట అడగనైనా అడగలేదు. ఒళ్ళు మండిపోయింది. చింపేద్దామనుకుంటూ చివరి కాగితం దగ్గర ఆగిపోయాను. పెళ్ళి సంగతి అడిగిన నా ఉత్తరం తర్వాత ఆయన మాట ఒకటుంది. దాని చివరి ముక్కలు, 'ఎదురు చూస్తుంటాను'. దాని కింద నేను అనాల్సిన మాట, 'వస్తున్నా'.

అంటే జవాబుందన్నమాట. ఎప్పటిది? మిషను ముందు కూర్చోలేను, లేచి నిలబడలేను. ఒకరి జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపువి కుట్టి మాట పడ్డాను. అప్పుడే రాసి, పంపే ధైర్యం లేక దాచుకున్నదైతే, ఇన్నేళ్ళ తర్వాతైనా నిజంగానే వెళ్ళిపోదామనుకున్నాను. అందుకే ఆ వేషానికి ఒప్పుకున్నాను. రిహార్సళ్ళలో ఆ చోటుకు రాగానే ఆయన, "ఇది స్టేజీ మీదే చదువుతానండీ" అని కాగితం మడిచేసేవాడు.

ఆదివారం మధ్యాహ్నం, బడి హాలు నిండా జనం. ఆయన ఆ ఉత్తరం విప్పి చదివాడు. వాళ్ళమ్మకు చెప్పేశాడట, ఊరు ఏమన్నా పడతాడట, శుక్రవారం బస్టాండులో ఎదురు చూస్తుంటాడట. ఎంత బాగా రాశాడో. నాకు ఏడుపొచ్చింది. పరదా చాటు నుంచి మాటలు అందించే అతను, "వస్తున్న అనాలె అక్కా" అన్నాడు. రెండోసారి గట్టిగానే అన్నాడు. ముందు వరసలో ఎవరో నవ్వారు.

"ఇది ఎప్పుడు రాసినవ్?" అన్నాను.

ఊరందరి ముందు 'నువ్వు' అనేశాను. ఆయన పరదా వైపు చూశాడు. అక్కడ పేజీలు తిప్పుతున్న చప్పుడు. ఆ మాట పుస్తకంలో ఉంటే కదా. అబద్ధం చెప్పడానికి ఆయన దగ్గర రాసిపెట్టుకున్న మాట లేదు.

"మొన్న," అన్నాడు. "మొన్ననే రాశాను."

నాటకమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. నేను 'వస్తున్నా' అనలేదు. కాసేపు చూసి పరదా వేసేశారు.

వారం తిరక్కుండా ఇంకో చుట్ట వచ్చింది, కోటగిరిలో ఆటకట. బస్టాండులోనే నిలబడి విప్పాను. చివరి కాగితంలో నా మాట, 'ఇది ఎప్పుడు రాసినవ్?' ఆయన గుండ్రటి చేతిరాతలో. బాగా పండిందని ఉంచుకున్నాడు. దాని కిందికి జరిపాడు 'వస్తున్నా'ను. ఆ రెంటికీ మధ్య, ఆయన డైలాగులో చివరి రెండు ముక్కలు: 'ఆనాడే రాశాను.'

పాత అలవాటు, చుట్ట మధ్యలో వెతికాను. ఏమీ లేదు.

బస్సు ఇంకా కదల్లేదు. చుట్ట అలాగే కండక్టరు చేతికి తిరిగి ఇచ్చాను.

"నేను వస్తలేనని చెప్పన్నా," అన్నాను.