చీము జోస్యం

పొట్ట కోసి కుట్టిన ఏ మనిషికైనా సరే, ఆ డాక్టరుగారు చెప్పే మాట ఒకటే: "చీము పడుతుంది."

పదకొండేళ్లుగా ఆయన వెనకాలే వార్డు తిరుగుతున్న హెడ్ సిస్టరుకి ఆ మాట వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. ఆయన మొహమే సగం చావు కబురు. భుజాలు జారేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని మంచం దగ్గర ఆగేవారు. కట్టు వైపు కాసేపు దిగులుగా చూసేవారు.

"ఎలా ఉందండీ?" అని రోగి ఆశగా అడిగేవాడు.

"ఇవాళ్టికి బాగానే ఉంది."

"మరి రేపు?"

"అయిదో రోజుకో ఆరో రోజుకో చీము పడుతుంది. ఎర్రబడినా, వేడిగా ఉన్నా, ఒళ్లు కాలినా వెంటనే వచ్చేయండి."

ఆయన పక్క మంచానికి కదలగానే సిస్టరు వెనకే ఆగి, "ఆయన మాటలు పట్టించుకోకండి, మీకేం కాదు" అని రోగి చెయ్యి నొక్కేది. ఆయన ఏడిపిస్తూ ముందు నడిస్తే, ఈమె వాళ్ల కళ్లు తుడుస్తూ వెనక నడిచేది.

మందు పూసిన కుట్టుదారం ఆసుపత్రికి వచ్చిన రోజున ఇక ఈయన మారతారనుకుంది సిస్టరు. గాయంలో క్రిములు పెరగకుండా ఆ దారానికే మందు పట్టించి ఉంటుంది. ప్యాకెట్ చూపించి, "ఇప్పుడైనా కాస్త నవ్వండి డాక్టరుగారూ" అంది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మంచిదే, వాడదాం. కొందరైనా బయటపడతారు. దారానికి మందు పూశారు సరే, ఇంటికెళ్లాక కట్టు విప్పే చేతులకి ఎవరు పూస్తారు?"

ఆ సాయంత్రమే ఒక రోగి, "నాకు వేసింది మందు దారమేగా?" అని అడిగాడు.

"మందు దారమే. అయినా చీము పడుతుంది."

వానలు విడవని ఆ నెలలోనే టైలరమ్మ వచ్చింది. షాపు పైగదిలో ఒంటరిగా ఉండే మనిషి. నాలుగు రోజులు నొప్పిని పంటి బిగువున ఓర్చుకునేసరికి అపెండిక్స్ పగిలి పొట్టంతా పాడైంది. ఆపరేషనయ్యాక, కట్టు మార్చేటప్పుడు తలెత్తి కుట్లు చూసుకుని పెదవి విరిచింది.

"వంకరగా ఉన్నాయి. మా షాపులోనైతే విప్పించి మళ్లీ కుట్టించేదాన్ని."

డాక్టరుగారు బాధగా తలూపారు. "విప్పాల్సి రావచ్చమ్మా. చీము పడుతుంది."

టైలరమ్మకి ఒళ్లు మండింది. ఇంటికెళ్లే రోజున సిస్టరు ఆమెకి కూడా అలవాటు ప్రకారం ధైర్యం చెప్పింది. "మీకేం కాదు. ఈ వానలో తడుస్తూ మళ్లీ రానక్కర్లేదు, కుట్లు విప్పే రోజుకి వస్తే చాలు."

ఆపరేషనైన ఆరో రోజున, కొంగు పిండుకుంటూ, పొట్ట పట్టుకుని దిగబడింది టైలరమ్మ.

"చూడండి. ఆరో రోజు. ఎక్కడ మీ చీము?"

డాక్టరుగారు పడుకోబెట్టి కట్టు తీశారు. గాయం కింది కొన దగ్గర అరచేతి మేర ఎర్రగా ఉబ్బి ఉంది. వేలు ఆనించగానే టైలరమ్మ పళ్లు బిగపట్టింది. ఒళ్లు కాలిపోతోంది.

"నొప్పి లేదా అమ్మా?"

"ఉండదా మరి, కోశారుగా. ఏం కాదని సిస్టరు అన్నారు కదా అని ఓర్చుకున్నాను. మీ మీద కోపం లేకపోతే ఇంకో వారం దాకా మెట్లు దిగేదాన్ని కాదు."

సిస్టరు చేతిలో ట్రే ఒక్కసారిగా బరువెక్కింది.

ఆయన కింది కుట్లు విప్పి చీమంతా తీసి కడిగారు. లోపలి పొర కుట్లు చెక్కుచెదరలేదు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే అవీ ఉండేవి కావు.

చేతులు కడుక్కునే చోట సిస్టరు ఇక ఉండబట్టలేక అడిగింది. "మీరు కావాలనే అలా అంటారా డాక్టరుగారూ?"

ఆయన చేతులు రుద్దుకుంటూనే చెప్పారు.

"ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలో ఒక లారీ డ్రైవరుకి, నీకేం భయం లేదు, హాయిగా ఉండు అన్నాను. నన్ను నమ్మాడు. జ్వరమొచ్చినా నా మాట మీద ధీమాగా ఇంట్లోనే పడుకున్నాడు. పదకొండో రోజున మోసుకొచ్చారు."

ఆయన కుళాయి కట్టేశారు.

"భయపడ్డవాళ్లు వస్తారు సిస్టర్. కోపమొచ్చినవాళ్లు ఇంకా తొందరగా వస్తారు. నన్ను తిట్టడానికొచ్చినా సరే, గాయం నా కంట పడుతుంది."

"నేనేమో మీ వెనకాలే వచ్చి అంతా చెరిపేస్తున్నాను."

"మీరు లేకపోతే సగంమంది మత్తు దిగగానే పారిపోయేవాళ్లు" అన్నారాయన, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, అదే ఏడుపు మొహంతో.

మర్నాడు వార్డులో, పిత్తాశయం తీయించుకున్న ఒక లెక్కల మాస్టారికి డాక్టరుగారు తన మాట తాను చెప్పి ముందుకు సాగిపోయారు. మాస్టారు సిస్టరు వైపు బిక్కమొహం వేసుకుని చూశారు.

"ఆయన అన్నది నిజమేనంటారా సిస్టర్?"

నాలుక చివరిదాకా వచ్చిన 'మీకేం కాదు'ని ఆమె మింగేసింది. దుప్పటి సర్ది, తలగడ ఎత్తు చేసి, చేతనైనంత దిగులుగా మొహం పెట్టింది.

"ఆయన మెత్తని మనిషండీ మాస్టారూ. తగ్గించే చెప్పారు."