జెండా పండుగ చాక్లెట్లు

పంతొమ్మిది వందల అరవైల్లో నేను పెనుకొండలో ఒక చిన్న బడికి అయ్యవారిని. ఒక ఏడు జెండా పండుగకు పిల్లలకు పంచడానికి చాక్లెట్ల కోసం హిందూపురం వెళ్లాను. తయారుచేసే చోటే చవకగా ఇస్తారని ఎవరో చెబితే, ఆ రేకుల షెడ్డు వెతుక్కుంటూ పోయాను.

లోపల ఒకటే వేడి. పదిమంది ఆడపిల్లలు నేల మీద కూర్చుని చాక్లెట్లకు రంగు కాగితాలు చుడుతున్నారు. వాళ్లలో ఒక పిల్ల నన్ను చూసి చటుక్కున లేచి నిలబడింది. వానల్లేక ఆ వేసవిలోనే మా ఊరు విడిచిన కుటుంబం వాళ్లది. మూడో తరగతిలో అందరికన్నా బాగా చదివేది.

"మన బడికేనా అయ్యోరా?" అని అడిగింది. అవునన్నాను.

"అట్లయితే ఇరిగినవి లేకుండా ఏరిస్తా, ఉండండి."

వేడి పాకం ముద్దలు పట్టీ పట్టీ ఆమె వేళ్లు బొబ్బలెక్కాయి. ఆ వేళ్లతోనే ఒక్కొక్కటీ ఏరింది. ఇక్కడ బడికి పోతున్నావా అని నేను అడగాలి. యజమాని పక్కనే ఉన్నాడు, అతన్నయినా నిలదీయాలి. నేను మాత్రం, "బిరీన కానీ పాపా, రైలుకు టైమైతాంది" అన్నాను.

మర్నాడు బడిలో చాక్లెట్లు పంచుతుంటే ఆమె స్నేహితురాలు అడిగింది: "అయ్యోరా, నా పక్కన కూసునే పాప ఇప్పుడు యాడుండాదో మీకు తెలుసునా?"

తెలియదన్నాను.

దసరా సెలవుల్లో ఉండబట్టలేక మళ్లీ ఆ షెడ్డుకు వెళ్లాను. "వాళ్లా? ధర్మవరం పోయినారప్పా, మగ్గాల పనికి" అన్నాడు యజమాని.

ధర్మవరం మాకు రైల్లో పెద్ద దూరమేమీ కాదు. తర్వాత ఎన్నో ఆదివారాలు వచ్చాయి. నేను వెళ్లలేదు.