రాడ్డు పట్టుకోని కండక్టరు

ఎస్.కోట నుంచి అరకు వెళ్ళే ఘాట్ బస్సులో మీరెప్పుడైనా నిలబడి ప్రయాణం చేశారా? చేసి ఉంటే నేను చెప్పనక్కర్లేదు. డ్రైవరు ఒక్క మలుపు తిప్పాడంటే కుడిపక్క వాళ్ళంతా వచ్చి ఎడమపక్క వాళ్ళ ఒళ్ళో పడతారు. అలాంటి బస్సులో మన వరహాలరావు ఉద్యోగం చేసినన్నాళ్ళూ రాడ్డు పట్టుకున్న పాపాన పోలేదు. ఒక చేతిలో టికెట్ మిషను, ఇంకో చేతిలో చిల్లర. కొండచీపుర్ల కట్టలు దాటుకుంటూ, కోళ్ళ బుట్టలు తప్పించుకుంటూ, నట్టింట్లో తిరిగినట్టు తిరిగేవాడు. "పట్టుకోండి, పట్టుకోండి, డముకు మలుపొస్తంది!" అని బస్సంతటికీ చెప్పేవాడే గాని తను మాత్రం పట్టుకునేవాడు కాదు. కొత్తగా వచ్చిన డ్రైవర్లు ఆయన్ని పడేద్దామని కావాలని బ్రేకు తొక్కేవారట. పడితేగా!

"పట్టుకుని నిలబడినోడు పాసింజరు. పట్టుకోకుండా నిలబడినోడు కండక్టరు" అనేవాడు. ఆ గర్వంతోనే కాబోలు, రిటైరయ్యాక సాలూరులో అన్నదమ్ములంతా ఉండగా, వాళ్ళని కాదని అరకులోనే, అదీ కొండ వాలు మీద, రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఆయన వింటే కదా.

ఇంతలో మొన్న వానాకాలం వచ్చింది. పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి, పాచి పట్టిన బండ మీద కాలు పెట్టాడు. అంతే, వెల్లకిలా పడి ఆకాశం చూశాడు. లేస్తూనే ఆయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? నడుం తడుముకోలేదు, చుట్టూ చూశాడు. కోళ్ళు తప్ప ఎవరూ లేరు. అమ్మయ్య అనుకుని, లుంగీకి అంటిన బురద కడిగేసుకుని, ఏమీ జరగనట్టు లోపలికొచ్చి టీ అడిగాడు. పెళ్ళాం రాజులమ్మ కూడా ఏమీ అడగకుండా టీ ఇచ్చింది.

ఎముకలేవీ విరగలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయనకి నేల మీద నమ్మకం పోయింది. ఊగే బస్సులో నిటారుగా నిలబడ్డ మనిషికి, కదలని గచ్చు మీద కాళ్ళు తేలిపోతున్నట్టుండేది. దానికి తోడు, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ వారంలోనే రాజులమ్మకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి.

"వాలు దిగలేకపోతన్నాను మావా, కాస్త చెయ్యట్టుకో" అంది ఒకరోజు సంతకెళ్తూ.

పట్టుకోకుండా ఎలా ఉంటాడు? పట్టుకున్నాడు. అప్పట్నుంచి ఎక్కడికెళ్ళినా ఆవిడ చెయ్యి ఆయన చేతిలోనే. ఎదురైన వాళ్ళకి తనే చెప్పేవాడు, "మా ఆడదానికి మోకాళ్ళండి. నాను నేకపోతే అడుగు పడదు" అని. మాట పైకి దర్జాగానే ఉండేది గాని, లోపల మాత్రం భయపడేవాడు. తనొక్కడే పడితే పడ్డాడు, దులుపుకుని లేస్తాడు. ఆ చెయ్యి పట్టుకుని ఉండగా పడితే? మోకాళ్ళ నొప్పుల మనిషిని తనతో పాటు ఈడ్చుకుపోతాడు. పోనీ నిజం చెప్పేద్దామా అంటే, తను తప్ప ఆవిడకి ఆసరా ఎవరున్నారు? పాపం, ఎటూ పాలుపోక, వాలు దిగిన ప్రతిసారీ దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంటూ దిగేవాడు.

అలాంటి రోజుల్లో అరకు ఆసుపత్రికి పార్వతీపురం నుంచి శ్రావణి అనే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. పెద్దవాళ్ళు పడిపోకుండా ఉండడానికి వారం వారం వరండాలో పాఠం చెబుతుందని తెలిసి, "నా మోకాళ్ళకి మంచిదంట మావా" అని రాజులమ్మ ఆయన్ని లాక్కెళ్ళింది.

పాఠానికి పై ఆఫీసు నుంచి ఒక రంగుల చార్టు పంపారు. తెల్ల టైల్సు వేసిన బాత్రూము, గోడకి స్టీలు కడ్డీ, నేల మీద తివాచీ. పక్క పల్లె నుంచి వచ్చిన సోములమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "ఇది ఎవలి ఇల్లమ్మా? ఈల పెరట్లో వాన పడదా?" అంది. అందరికన్నా ముందు శ్రావణే పకపకా నవ్వేసింది. చార్టు చుట్టేసి మూలన పెట్టి, సుద్దముక్కతో గచ్చు మీద బొమ్మలు గీసింది. పాచి పట్టిన బండ, తడి అరుగు, గుమ్మంలో పడేసిన కట్టెల మోపు.

"ఈ ఏడాదిలో ఎవరెవరు పడ్డారు? సిగ్గుపడకండి" అని అడిగింది. ఒక్క చెయ్యి లేస్తే ఒట్టు. వరహాలరావు పైకప్పులో బల్లిని చూస్తున్నాడు.

"కాలు జారితే తీసుకోవచ్చంటారు. అది వయసులో ఉన్నవాళ్ళ మాట. మీ వయసులో కాలే జారకూడదు" అంది ఆ పిల్ల. "పడతామన్న భయంతో కూర్చుండిపోయారా, కాళ్ళు ఇంకా నీరసపడతాయి. అందుకే రోజూ కాస్త సాధన చెయ్యాలి. గోడ పట్టుకునే చెయ్యండి, తప్పేమీ లేదు."

గోడ వెంబడి ఒక గీత గీసి, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకి ఆనేలా నడవమంది. సోములమ్మ గోడ పట్టుకుని నవ్వుకుంటూ నడిచింది. తర్వాత వంతు వరహాలరావుది.

"గోడ పట్టుకోండి తాతగారూ."

"నాకా గోడ? ఈ గుంటపిల్ల ఏటి సెప్తందిరా బాబూ! ఘాట్ బస్సులో నడిసినోణ్ణమ్మా నాను."

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని మరీ బయల్దేరాడు. మొదటి అడుగు బాగానే పడింది. రెండోది గీత తప్పింది. మూడో అడుగుకి గచ్చు డముకు మలుపు తిరిగింది. చేతులు విడిపించుకునే లోపే ఒళ్ళు పక్కకి ఒరిగిపోయింది. అయిపోయింది, పదిమందిలో పడ్డాననుకున్నాడు.

పడలేదు. ఎవరో నడుం చుట్టూ చెయ్యేసి గట్టిగా పట్టుకున్నారు. శ్రావణి కాదు, ఆ అమ్మాయి ఇంకా రెండడుగుల దూరంలోనే ఉంది. పట్టుకున్నది రాజులమ్మ. వరండా ఆ చివర చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మనిషి, చెయ్యి కిందికి ఆన్చకుండా లేచి, ఒక్క పరుగున వచ్చి పట్టుకుంది.

"ఓలమ్మో! మోకాళ్ళన్నావు, మేకపిల్లనాగ గెంతినావేటే!" అంది సోములమ్మ.

అందరూ గొల్లుమన్నారు. రాజులమ్మ మాత్రం దొంగతనం బయటపడ్డట్టు తలొంచుకుంది. వరహాలరావు ఆవిడ మోకాళ్ళ వంక చూశాడు, మొహం వంక చూశాడు. మెల్లగా బయటికెళ్ళి మెట్టు మీద కూలబడ్డాడు.

కాసేపటికి ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"నొప్పుల్లేవా?"

"నేవు."

"ఎప్పుడూ నేవా?"

"నువ్వు పెరట్లో పడిపోవడం వంటింటి కిటికీలోంచి చూసినాను మావా. పరిగెత్తుకొద్దామనుకున్నాను. నువ్వు లేసి, ఎవులైనా చూసినారేమోనని అటూ ఇటూ చూసుకున్నావు. అది చూసి ఆగిపోనాను." ఆవిడ ఆయన వైపు తిరిగింది. "చెయ్యట్టుకోమంటే నువ్వు పట్టుకునే మనిషివేటి? పట్టుకోవు. నాకు నొప్పులంటేనే పట్టుకుంటావు. అందుకే ఆ మాటన్నాను."

ఆయనకి ముందు కోపమొచ్చింది. ఇన్నాళ్ళూ ఊరందరి ముందూ తనని వెర్రివాణ్ణి చేసిందని ఒళ్ళు మండింది. తర్వాత సంతకి దిగిన దారులన్నీ గుర్తొచ్చాయి. వాలు వచ్చినప్పుడల్లా ఆవిడ పల్లం వైపుకి మారేది. చెయ్యి బిగించేది. తను నడిపిస్తున్నాననుకున్నాడు. కోపం కాస్తా కళ్ళల్లోకి నీళ్ళై వచ్చేసింది.

"రోజూ భయమేనే రాజులూ" అన్నాడు. "నాను పడి, నిన్ను కూడా పడేత్తానేమోనని. నీకు సెప్పలేక సచ్చిపోనాను."

"నాకూ అదే భయం, నువ్వు పడిపోతావని. ఇద్దరం ఒకే భయం పెట్టుకుని, ఒకలికొకలు సెప్పుకోకుండా దాచుకున్నాం, సూడు!" అని కొంగుతో ఆయన మొహం తుడిచింది.

వరహాలరావు లేచి లోపలికెళ్ళాడు. పాఠం మధ్యలో ఉన్న శ్రావణితో, అందరూ వినేలాగే చెప్పాడు.

"నాను పడ్డానమ్మా. వానల్లో, మా పెరట్లోనే. అబద్ధమాడీసినాను."

ఎవరూ నవ్వలేదు. సోములమ్మ చెయ్యెత్తి తను కూడా కట్టెల మోపుతో పడ్డానంది. ఆవిడ వెనక ఇంకెవరో చెయ్యెత్తారు. వరహాలరావు గోడ పట్టుకుని ఆ గీత మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. బాగా నడిచాడు.

పాఠం అయ్యాక ఇద్దరూ ఇంటిదారి పట్టారు. వాలు మొదట్లో ఆయన ఆగి చెయ్యి చాపాడు.

"నా మోకాళ్ళు బాగానే ఉన్నాయని ఊరందరికీ తెలిసిపోనాది కదా, ఇంకేటికి మావా?" అంది రాజులమ్మ.

"నాకోసం పట్టుకోవే" అన్నాడు వరహాలరావు.