సెట్ అనే మాట కింద పేరు

మా ముత్తాత ఏడు ఊళ్లకు మునసబు. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే బండి తోలుకుంటూ వచ్చినవాడు దిగి నడిచేవాడు. మా తాత తాలూకా బోర్డు సభ్యుడు. హిందూపురం నుంచి మడకశిర దాకా ఎవరికి ఇంగ్లీషు అర్జీ కావాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు. మా నాన్నకు పదవులేవీ దక్కలేదు, ఆ ఇంటి నడక మాత్రం దక్కింది. అది నాకూ ఉంది. బెంగళూరు హూడిలో మా ఆఫీసు మెట్లు నిటారుగా ఉంటాయి. అయినా నేను కమ్మీ పట్టుకోను.

ఆ ఆఫీసులో మేం తయారుచేసేది ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు. బెంగళూరులో ఇంట్లో తెలుగు, బళ్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల కోసం. మేం ముగ్గురం. పెద్ద సంపాదకురాలు మేడం, తెలుగు లెక్చరరుగా రిటైరయ్యారు. తర్వాత నేను. తర్వాత హెబ్బగోడి నుంచి వచ్చే అమ్మాయి. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. వాళ్ల నాన్నది కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే షాపు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చిన్న మాటల కింద ఎవరి పేరూ ఉండదు. రెండు మూడు పేజీలు పట్టే పెద్ద మాటల కింద మాత్రం రాసినవారి పేరు ఇంటిపేరుతో సహా వేస్తారు. మా ఇంటిపేరు చివరిసారి అచ్చులో కనబడింది బ్యాంకువాళ్ల వేలం ప్రకటనలో. దాన్ని ఇంకోచోట చూసుకోవాలని నాకు చాలా కోరికగా ఉండేది.

అన్నిటికన్నా పెద్ద మాట సెట్. మేడం దాన్ని ఇద్దరికీ ఇచ్చారు. "ఇద్దరూ రాయండి. ఏది నిలిస్తే దాని కింద వాళ్ల పేరు" అన్నారు. నేను పదకొండేళ్లుగా ఉన్నాను. ఆ అమ్మాయి వచ్చి రెండేళ్లు కాలేదు. నాకే ఇచ్చి ఊరుకుంటే ఏం పోయేదని ఆ రోజంతా అనుకున్నాను.

నిలవడమంటే శుక్రవారం మధ్యాహ్నం పైకి చదివి వినిపించడం. వినేది ఆఫీసు ఊడ్చి టీ కాచే అక్క. కాడుగోడి పాత తెలుగువాళ్ల మనిషి, ఇంగ్లీషు చదువుకోలేదు, ఎవరినైనా నువ్వనే అంటుంది. వాక్యం విని ఆ మాటకు అర్థమేమిటో ఆమె తన మాటల్లో చెప్పగలిగితే అది ఉంటుంది, లేకపోతే వెనక్కి వస్తుంది. ఇంకొక నియమం కూడా ఉంది. ఉదాహరణ వాక్యం పుస్తకంలోంచి తీయకూడదు, ఊహించి రాయకూడదు. రాసిన మనిషి తన బతుకులో విన్నదో చూసిందో అయి ఉండాలి, నిజమై ఉండాలి.

రెండు వారాలు కష్టపడ్డాను. పొద్దు కుంగడం సెట్. పెరుగు తోడుకోవడం, సిమెంటు గట్టిపడడం, విరిగిన ఎముకను సరిచేసి కట్టడం, గడియారానికి అలారం పెట్టడం, పరీక్ష పేపరు తయారుచేయడం, సినిమా కోసం కట్టిన ఉత్తుత్తి ఇల్లు, లెక్కల పుస్తకంలో సమితి, అన్నీ ఆ మూడక్షరాల్లోనే. ఆ తర్వాత అడ్డగీతల సంగతి. సెట్, అప్ విడివిడిగా రాస్తే అమర్చే పని, మధ్యన గీత పెడితే అమర్చిన ఏర్పాటు. సెట్‌బ్యాక్‌కు ఒకప్పుడు గీత ఉండేది, ఇప్పుడు రెండూ కలిసిపోయాయి. ఎదురుదెబ్బనూ అదే అంటారు, ఇంటికీ ప్రహరీకీ మధ్య వదిలే జాగానూ అదే అంటారు. టీవీ దగ్గరుండే సెట్-టాప్ పెట్టెకు గీత ఇంకా పోలేదు. ఏ గీత ఉందో, ఏది పోయిందో తేల్చడానికే నాలుగు రోజులు పెట్టాను. ఇది ఆ అమ్మాయి వల్ల కాదనుకుంటే నాకు హాయిగా ఉండేది.

ఆమె ఏ పుస్తకమూ తెరిచేది కాదు. అదే నాకు కంటగింపు. మధ్యాహ్నం అక్క పక్కన కూర్చుని డబ్బా విప్పి తినేది. తింటూ తింటూ ఏదో విని, ఎడమచేత్తో రాసుకునేది. మేడం ఆమె టేబులు దగ్గర ఆగితే ఇద్దరూ నవ్వేవారు. నా టేబులు దగ్గర ఆగితే "బాగుందండి" అని వెళ్లిపోయేవారు. ఆమె పెన్ను మూత కొరుకుతుంటే నాకు చిరాకు. కొరకడం మానేసి గబగబా రాస్తుంటే ఇంకా చిరాకు.

శుక్రవారం ముందు ఆమె చదివింది. మొదటి వాక్యం, "అన్నా, ఒక సెట్ దోసె, సాగు కొంచెం ఎక్కువెయ్యి."

అక్క చేత్తో కొట్టిపారేసింది. "మెత్తంగా మూడు చిన్న దోసెలు, ఒకే ప్లేట్లో, పక్కన కూరగాయల సాగు. ఇది తెలీనోళ్లు ఈ ఊర్లో ఉండారా?"

కాడుగోడి స్టేషను దగ్గర రోజూ పొద్దున్నే నిలబడి నేను తినే టిఫిన్ అది. నేను రాసిన ముప్పై నాలుగు అర్థాల్లో అది లేదు.

ఆ అమ్మాయి తర్వాతది చదివింది. "వాడికీ నాకూ సెట్ కాలేదక్కా, చెప్పేసినా."

"సరిపడలేదు" అంది అక్క. "మంచి పని చేసింది. ఎవురే ఆ బిడ్డ?"

"మా పక్క రూములో ఉంటుందక్కా. పేరు చెప్పను."

"చెప్పొద్దులే. ఆదివారం మీ ఇంటికొచ్చి నేనే కనుక్కుంటా."

మేడం కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. ఆమెవి ముప్పై వాక్యాలు. రెండు వెనక్కి వచ్చాయి.

నేను లేచి నిలబడి చదివాను. నా వాక్యాలు మా ఇంటివి. మా ఇంట్లో పన్నెండు వెండి కంచాల సెట్ ఉంది. హాల్లో రోజ్‌వుడ్ సోఫా సెట్ ఉంది. మా నాయనమ్మకు కెంపుల సెట్ ఉంది. తోటలో అయిదు హెచ్‌పీ పంపుసెట్ ఉంది. ఇంటికి నాలుగు వైపులా ఇరవై అడుగుల సెట్‌బ్యాక్ ఉంది. అక్క ఎక్కడా తడుముకోలేదు. "అన్నీ జతగా ఉండేవి, విడదీస్తే విలువ పోతాది" అంది. "చుట్టూ జాగా వదిలుండారు" అంది. నావి ముప్పై నాలుగులో ఒకటే వెనక్కి వచ్చింది. మేడం పెన్ను మూత తీశారు. నేను ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె ముఖంలో బాధ కనబడలేదు, అదీ నాకు నచ్చలేదు.

అప్పుడు అక్క అడిగింది. "ఇన్ని సామాన్లు ఎక్కడ పెట్టుకోనుండావప్పా? మా చిన్నాయన ఇంట్లోనే కదా నువ్వు బాడుగకుండేది. మంచం వేస్తే కాలు పెట్టే జాగా లేదే ఆ రూములో."

నేనేమీ అనకముందే ఆ అమ్మాయి అందుకుంది. "ఊర్లో ఉంటాయక్కా. సార్ వాళ్లది పెద్ద ఇల్లు."

నేను తల ఊపితే చాలు. మేడం రాసేసేవారు, మా ఇంటిపేరు అచ్చయ్యేది. ఆ అమ్మాయికి దానివల్ల తన పేరు పోతుందని తెలుసు. తెలిసే అంది. దోసె దగ్గర కన్నా, నవ్వుల దగ్గర కన్నా ఆ క్షణంలో ఆమె మీద నాకు ఎక్కువ అసూయ కలిగింది. అలా ఇచ్చేయడం మా వాళ్ల అలవాటని చిన్నప్పటినుంచీ విన్నాను. నేను మాత్రం ఎవరికీ ఏమీ ఇచ్చింది లేదు. ఇప్పుడు ఆమె ఇస్తోంది, పుచ్చుకోవలసింది నేను.

"ఉండాయా, లేవా? ఒక మాట చెప్పప్పా" అంది అక్క, టీ గ్లాసులు ఏరుతూ.

"లేవు" అన్నాను.

మేడం నా కాగితాలు దగ్గరికి లాక్కుని, 'ఉంది' అన్న వాక్యాలన్నీ కొట్టేశారు. సెట్ కింద ఆ అమ్మాయి పేరు పడింది, ఇంటిపేరుతో సహా. అడ్డగీతల మాటలు నాకు వదిలారు. అవి చిన్న మాటలు, వాటి కింద పేరుండదు. పుస్తకం వచ్చాక నేను ఆ పేజీ చాలాసార్లు తెరిచాను. ప్రతిసారీ ఆమె పేరు పూర్తిగా చదివాను.

ఆ శుక్రవారం సాయంత్రం మెట్రో దాకా ఆ అమ్మాయి నా పక్కనే నడిచింది. "ఏమైనాయి సార్ అవన్నీ?" అని మెల్లగా అడిగింది. చెప్పాను. వెండి కంచాలు, కెంపులు మా నాన్న ఉండగానే పోయాయి. సోఫా ఒక లాడ్జి వాళ్లు కొన్నారు. పంపుసెట్టు బోరుతో సహా, తోటతో పాటు అమ్మేశాం. ఇంటిని, చుట్టూ వదిలిన ఇరవై అడుగుల జాగాతో సహా, బ్యాంకువాళ్లు వేలం వేశారు.