ఆదికి ఇచ్చిన అంగరఖా

నా అంగరఖా మోచేతుల దగ్గర చిరిగింది. తిరువూరు ప్రయాణానికి అంతకుమించి కారణం లేదు.

అంగరఖాకి గుండీలుండవు. చంక కింద బొందులతో ముడేసుకోవాలి, మోకాళ్ళు దాటి వస్తుంది. మా ముత్తాత ఫోటోలో తొడుక్కున్నది అదే. విజయవాడలో బెల్‌బాటం ప్యాంట్లు రోడ్లూడుస్తున్న ఈ రోజుల్లో, నెత్తిన తలపాగా, కింద పంచె, కిర్రుచెప్పులతో సహా నేను పదకొండేళ్ళుగా ఆఫీసుకి అదే వేషంలో... చూశారా, నా నోట కూడా ఆ మాటే వస్తోంది. అవే బట్టల్లో వెళ్తున్నాను. ఎందుకని అడిగితే బాగుంటాయి కాబట్టి అంటాను. అంతకంటే కారణం నాకూ తెలియదు.

నాకు కుట్టే దర్జీ పోయాడు. మిగిలినవాళ్ళు చేతకాదన్నారు. ఒకాయన చేతనవునని గౌను కుట్టిచ్చాడు. తిరువూరులో యాకోబుగారనే పెద్దాయనకి ఆ కత్తిరింపు వచ్చునని, చూపు మందగించి ఈ క్రిస్మస్‌తో ఆయనా మిషను మూసేస్తారని మా ఆఫీసులో విన్నాను. ఆయన కుట్టకపోతే నాకిక బుష్‌షర్టే గతి. తలుచుకుంటేనే నీరసం వచ్చింది.

ఆరుంబావుకి బస్సు కదిలింది. తలపాగా వాళ్ళు వెనక సీట్లలో కూర్చోకూడదు, గతుకు గతుక్కీ పైకప్పు తగులుతుంది. దర్జీ దగ్గరికి చిరుగులతో వెళ్ళడం నామోషీ అని ఉత్తరీయాన్ని మోచేతుల మీదుగా కప్పుకున్నాను.

"వేషం ఎక్కడండి?" అన్నాడు కండక్టరు.

"తిరువూరు ఒకటివ్వండి. ఇవి నా బట్టలు."

"అదేలెండి. ఏం వేషమని?"

ఎనిమిదింటికి మైలవరంలో ఆపారు. ఇడ్లీ బాగుంది. హోటలాయన అడక్కుండానే రెండోసారి చట్నీ వేసి, ఒక పద్యం అందుకోమన్నాడు. రాదన్నాను. చట్నీ అంతటితో ఆగింది.

ఎ.కొండూరులో వినగడప వెళ్ళే పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. "మా ఊరికి పగటివేషాలోళ్ళు రాక ఎన్నాళ్ళయిందో నాయనా" అని నా ఒళ్ళో రెండు జామకాయలు పెట్టింది.

"నేను వేషగాణ్ణి కాదమ్మా, గుమాస్తాని."

"అబ్బ, ఎంత బాగా చెప్పావయ్యా!" అని మూడోది కూడా పెట్టింది.

తొమ్మిదిన్నరకి తిరువూరులో దిగాను. చర్చి వెనక సందులో మూడో ఇల్లు. అరుగు మీద యాకోబుగారు పాదిరి అంగీ కుడుతున్నారు. నన్ను ఓసారి చూసి మళ్ళీ తల దించారు.

"నాటకాలకి కుట్టనయ్యా."

"నాటకం కాదండి. రోజూ తొడుక్కోడానికి."

"అందరూ ఇలాగే చెబుతారు. పోయినేడు ఒకడు పెళ్ళికని కుట్టించుకుని స్టేజీ ఎక్కాడు. రెండు ఆటలు తొడిగి పెట్టెలో పడేస్తారు. నాకున్న చూపే ఇంత. దాన్ని పెట్టెలో మగ్గే గుడ్డకి పెట్టమంటావా? వెళ్ళిరా."

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోవడమెందుకు. "పదకొండేళ్ళుగా అందరూ నన్ను వేషగాడనే అంటున్నారు. మీరొక్కరైనా అనరని వచ్చానండి" అన్నాను.

ఆయన భార్య మరియమ్మగారు మంచినీళ్ళు తెచ్చారు. గ్లాసు అందుకోబోతే ఉత్తరీయం జారింది.

"ఏమండీ, ఈయన మోచెయ్యి చూడండి" అన్నారావిడ.

యాకోబుగారు కళ్ళజోడు సర్దుకుని లేచారు. చిరుగులో వేలు పెట్టి చూశారు. మెడ దగ్గర చెమట మరక చూశారు. కుడిచేతి అంచున సిరా మరక చూశారు.

"రాసే పనా?"

"అవునండి. పొద్దస్తమానం బల్ల మీద మోచేతులే."

"వేషానికి మోచేతులు అరగవు. ఇవి బట్టలే" అన్నారు. "విప్పండి."

అప్పటిదాకా నువ్వు అన్న మనిషి అండీ అన్నారని నాకు బొందులు విప్పుతుండగా తట్టింది.

కొత్తది కుట్టాలంటే పాతది ఆదికి కావాలట. టేపుతో ఆ కత్తిరింపు రాదు, పాత గుడ్డ పరిచి దాని మీదే కొలుచుకోవాలి. పై నెల రమ్మన్నారు. మరి ఇంటికెలా వెళ్ళను? మరియమ్మగారు పప్పూ, చేపల పులుసూ పెట్టి, కొడుకు బుష్‌షర్టు ఒకటి తెచ్చిచ్చారు. టెర్లిన్, ఊదా పూలు, ఏనుగు చెవులంత కాలరు. దానికి తలపాగా నప్పలేదు, సంచిలో పెట్టేశాను.

రెండింటి బస్సు ఎక్కాను. ఒక్కరూ నా వంక చూడలేదు. జామకాయలూ లేవు. అలవాటుగా మోచేతులు కప్పుకోబోయాను, చొక్కాకి అక్కడిదాకా చేతులే లేవు. తిరువూరులో ఏం చూశావని అడిగితే, నా బట్టల్ని బట్టలన్న మనిషిని చూశానని చెబుతాను. పై నెల దాకా అదే ధైర్యం.

పొద్దుటి కండక్టరే వచ్చాడు. నన్ను పోల్చుకోలేదు.

"పొద్దున మన బండిలో ఒకాయన ఎక్కాడండి, జమీందారు వేషం. ఏం దర్జా అండీ! తిరువూర్లో ఎక్కడైనా కనబడ్డాడా?"

"కనబడ్డాడు. పొద్దున ఆయన మామూలు బట్టల్లోనే ఉన్నాడండి. వేషం మధ్యాహ్నం వేశాడు."

"అట్టాగా! ఏం వేషమండి?"

"గుమాస్తా వేషం" అన్నాను.

"ఓస్, అదేముందండి, ఎవరైనా వేస్తారు" అని టికెట్టు చింపి ఇచ్చి, ముందు సీటుకి వెళ్ళిపోయాడు.