ఏనుగుల బాటలో అప్పలనరసమ్మ అత్త

అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న గరాచర్మలో మా మేనత్త అప్పలనరసమ్మ నిద్రలోనే కన్నుమూసిందన్న వార్త నన్ను నిశ్చేష్టుణ్ణి చేసింది. మొన్న మొన్ననే కదా, వ్యాన్‌లో నా పక్కన కూర్చుని, "ఏట్రా, బండి తోలుతున్నావా, జోకొడతన్నావా?" అని ఆటపట్టించింది!

ఆ వ్యాన్ మావయ్య కూరగాయలు తోలినది. ఆయన పోయాక అత్త దాన్ని అమ్మనివ్వలేదు. లోపల బల్లమంచం, గ్యాస్ పొయ్యి అమర్చి, పాతచీరలతో తెరలు కుట్టి, సంచారగృహం చేసుకుంది. గుండె బలహీనమని డాక్టరు దూరప్రయాణం వద్దంటే, "ఇల్లే ఎంట వస్తంటే ఊరెల్లినట్టు ఎలాగవుద్ది డాక్టరుగారూ?" అంది. ఆయనకు నవ్వాగలేదు.

ఆమె మొండితనానికి మూలం మాతృభక్తి. శ్రీకాకుళం నుంచి ఓడలో అండమాన్ వచ్చిన ఆమె తల్లిదండ్రులు, అంటే మా తాత, నాన్నమ్మ, మొదట కాపురం పెట్టింది రంగత్ అవతలి కలప క్యాంపులో, ఏనుగులు దుంగలు లాగిన బాట పక్కన. తరవాత పోర్ట్ బ్లెయిర్ చేరిన ఆ తల్లి, ఆ తొలిగూడును మళ్ళీ ఒక్కసారి చూడాలని కడదాకా పరితపించి, చూడకుండానే వెళ్ళిపోయింది. తన గుండె ఆగేలోగా తల్లి బదులు తాను చూసిరావాలన్నదే అత్త పంతం.

అలా మొన్న ఆ వ్యాన్‌లోనే రంగత్ బయల్దేరాం. దారిలో జరావా ఆదివాసుల అడవి వస్తుంది. అక్కడ బళ్ళన్నీ పోలీసుల వెంట కాన్వాయ్‌లోనే పోవాలి, ఎక్కడా ఆగకూడదు. గలగలమనే అత్త అద్దాలెత్తేసి, "ఒకల వాకిట్లోంచి ఎల్తన్నాం, నోరు ముయ్యండి" అని నన్నూ, వెనక కూర్చున్న మా ఇంటివాళ్ళనూ కట్టడి చేసింది. అంత దూరం ఆమె మౌనంగా ఉండడం నేనెరిగి అదొక్కసారే.

రంగత్‌లో ఒక పెద్దాయన మాకు దారి చూపాడు. బాటంతా పొదలు కమ్మేశాయి. ఒకచోట ఆగి, "దీదీ, క్యాంప్ యహీఁ థా" అన్నాడాయన. ఆ క్యాంపు ఇక్కడే ఉండేదట. అత్త చేతికర్రతో ఆకులు తోస్తూ పోయింది. నాచు పట్టిన రుబ్బురోలొకటి సగం భూమిలో కూరుకుని కనిపించింది. దాని అంచున ఒక పెచ్చు ఊడి ఉంది.

"ఓడలోంచి దించినప్పుడు పెచ్చూడిందని మా అమ్మ సెప్పేది. ఇదేరా!" అంటూ అత్త చతికిలబడిపోయింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె నీళ్ళు తెప్పించి రోలు కడిగి, కొబ్బరి, పచ్చిమిర్చి నూరి, మా అందరికీ అన్నం కలిపి పెట్టింది. అంత కమ్మటి ముద్ద నేనెన్నడూ తినలేదు. రోలు ఇంటికి తీసుకుపోదామంటే ఒప్పుకోలేదు.

"ఉండనీరా. మా అమ్మ కాపరం ఇక్కడే ఉండాల. నేను పైకెల్లగానే, సూసొచ్చానే అమ్మా అని సెప్తాను."

అత్తా, నీ అంత ధైర్యం, నీ అంత సరదా కలిసిన మనిషి మా వంశంలో మరొకరు లేరు. నీ లోటు మాకు తీరదు. కానీ దుఃఖపడుతూ నీకు నమస్కరించాలనిపించడం లేదు. ఈపాటికి మీ అమ్మకు చెప్పే ఉంటావు.